ఆఫీసులో నెట్ స్లోగా ఉందా? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేలోపు చూడాల్సినవి

గోడకి ఫైబర్ ఓఎన్‌టీ (ఫైబర్‌లో వచ్చే వెలుగుని నెట్ సిగ్నల్‌గా మార్చే డబ్బా), దాని పక్కన వైఫై రౌటర్, బల్ల కింద ఎనిమిది పోర్టుల స్విచ్ (ఒక వైరుని చాలా మెషీన్లకి పంచే డబ్బా), పది పన్నెండు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, ఒక సీసీటీవీ రికార్డర్. ట్యాక్స్ కన్సల్టెంట్ల ఆఫీసులూ, డయాగ్నస్టిక్ సెంటర్లూ, ట్రావెల్ ఏజెన్సీలూ చాలావరకు ఇంతే. ఇలాంటి చోట "నెట్ స్లో" అనే ఒక్క మాట వెనక అరడజను వేర్వేరు కారణాలు ఉండొచ్చు. వాటిలో కంపెనీవాళ్ల చేతిలో ఉండేవి కొన్నే, ఎక్కువ భాగం మీ గోడల లోపలివే. అందుకే "రౌటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" అనిపించుకునే ముందు, నెమ్మది ఎక్కడ మొదలవుతోందో తేల్చుకోవాలి. కంప్యూటర్‌లోనా, వైఫైలోనా, వైరులోనా, రౌటర్‌లోనా, లేక గోడ అవతలా? ఇది తేలకుండా ఖర్చు పెడితే బాగున్న రౌటర్ పోయి కొత్త రౌటర్ వస్తుంది, స్లో మాత్రం అలాగే ఉంటుంది.

ముందు అడగాల్సినవి

అందరికీ స్లోనా, ఒక్కరికేనా? ఒక్కరికే అయితే రౌటర్ జోలికి పోవద్దు, ఆ కంప్యూటరే చూడండి. టాస్క్ మేనేజర్ తెరిస్తే డిస్క్ 100 శాతం దగ్గర ఆగి ఉండటం, మెమరీ నిండిపోయి ఉండటం పాత మెషీన్లలో తరచూ కనిపించేదే. పాత హార్డ్ డిస్క్, 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో బ్రౌజర్ ఇరవై ట్యాబులతో నడుస్తుంటే దాన్ని నెట్ స్లో అనుకోవడం సహజం. డిస్కూ మెమరీ బాగానే ఉంటే స్టార్ట్ దగ్గర రెస్‌మాన్ (resmon) అని కొట్టి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఏ ప్రోగ్రామ్ ఎంత లాగుతోందో చూడండి. అప్‌డేట్లూ, డ్రైవ్ సింకూ అక్కడ పట్టుబడతాయి.

అన్ని సైట్లూ స్లోనా, ఒక్కటేనా? నెలవారీ జీఎస్టీ రిటర్నుల్లో జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, జీఎస్టీఆర్-3బీకి 20వ తేదీ గడువు. ఆ రోజుల్లో పోర్టల్ దగ్గర చక్రం తిరుగుతూ ఉంటే అదే కంప్యూటర్‌లో ఇంకో నాలుగు సైట్లు తెరిచి చూడండి. అవి టక్కున వస్తే మీ లైన్‌లో ఏ లోపమూ లేదు, రద్దీ అటువైపే. ఆ రోజు రౌటర్ సెట్టింగులు కెలికితే ఉన్న పని కూడా ఆగిపోతుంది.

అసలు స్లో అవుతున్నది ఇంటర్నెట్టేనా? ట్యాలీ డేటా వేరే కంప్యూటర్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటే, వోచర్ తెరుచుకోవడానికి పట్టే టైముకీ ఫైబర్‌కీ సంబంధం లేదు. రౌటర్‌కి వచ్చే ఇంటర్నెట్ వైరు రెండు నిమిషాలు పీకి చూడండి. అప్పుడూ ట్యాలీ అంతే నెమ్మదిగా ఉంటే లోపలి నెట్‌వర్క్‌నో, డేటా ఉన్న మెషీన్‌నో చూసుకోవాలి. డేటా షేర్ మీద వైఫైతో ట్యాలీ నడపడం మాత్రం ఎక్కడా మంచిది కాదు. చిన్న చిన్న రీడ్‌లు వేలల్లో జరుగుతాయి, ప్రతిదానికీ వైఫై ఆలస్యం కలుస్తుంది.

స్పీడ్ కొలిచే పద్ధతి

ప్లాన్‌లో రాసే 100 ఎంబీపీఎస్ బిట్ల లెక్క. ఫైల్ దిగేటప్పుడు బ్రౌజర్ చూపించే ఎంబీలు బైట్ల లెక్క. 8తో భాగించాలి. 100 ఎంబీపీఎస్ లైన్ మీద సెకనుకు 11, 12 ఎంబీ దిగుతోందంటే రావాల్సినదంతా వస్తున్నట్టే.

ఫోన్‌తో వైఫై మీద చేసిన స్పీడ్ టెస్ట్‌ని సాక్ష్యంగా తీసుకోవద్దు. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) పోర్టు ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి తీసుకోండి. వైఫై ఆఫ్ చేసి, వీపీఎన్ తీసేసి, క్లౌడ్ సింక్ ఆపి, రౌటర్‌కి ఉన్న వైర్లలో ఓఎన్‌టీ నుంచి వచ్చేదీ, కరెంటుదీ తప్ప మిగతావన్నీ పీకి, రౌటర్ వైఫైని కూడా ఆ కాసేపూ ఆపి, ల్యాప్‌టాప్‌ని నేరుగా రౌటర్ ల్యాన్ పోర్టుకి కలపండి. వేర్వేరు టెస్ట్ సైట్లు రెండైనా వాడండి. ఒక సైట్ మీ ప్రొవైడర్ నెట్‌వర్క్‌లోనే ఉన్న సర్వర్‌ని ఎంచుకుంటే అంకె అందంగా వస్తుంది, బయటికి వెళ్లే దారి సంగతి మాత్రం తెలియదు. డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (చిన్న ప్యాకెట్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైము) మూడూ రాసుకోండి. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం ఒక్కోసారి చేయండి.

తర్వాత అదే ల్యాప్‌టాప్‌తో స్విచ్ దగ్గర, ఆ తర్వాత కంప్లయింట్ చేసిన సీటు దగ్గర ఉన్న వైరుతో మళ్లీ కొలవండి. అంకె ఎక్కడ పడిపోయిందో తప్పు అక్కడే. ఓఎన్‌టీ, రౌటర్ విడివిడిగా ఉంటే ఓఎన్‌టీకే నేరుగా కలిపి కూడా చూడొచ్చు. కానీ ఓఎన్‌టీ బ్రిడ్జ్ మోడ్‌లో (తను లాగిన్ కాకుండా సిగ్నల్‌ని దాటించే పద్ధతిలో) ఉండి రౌటర్ పీపీపీఓఈ (ప్రొవైడర్ లైన్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్‌తో డయల్ చేస్తున్నట్టయితే ల్యాప్‌టాప్‌కి అక్కడ నెట్ రాదు. అది లోపం కాదు, అదే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో ల్యాప్‌టాప్‌లో డయల్ చేస్తే వస్తుంది.

ఈ కొలతల్లో ఒక అంకెని బాగా గుర్తుపెట్టుకోవాలి: 94. ప్లాన్ 200 అయినా 300 అయినా, టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 93, 94, 95 దగ్గరే ఆగుతోందంటే ప్రొవైడర్‌ని తిట్టక్కర్లేదు. దారిలో ఎక్కడో ఒక లింక్ (రెండు డబ్బాల మధ్య వైరు కనెక్షన్) 100 ఎంబీపీఎస్‌కి పడిపోయింది. హెడర్ల (ప్రతి ప్యాకెట్ మీదా ఉండే అడ్రస్ వివరాల) ఖర్చు పోగా 100 లింక్ మీద మిగిలేది అంతే.

94 దగ్గర ఆగితే

ఎక్కడ పడిపోయిందో కనిపెట్టడం తేలికే. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ తెరిస్తే లింక్ స్పీడ్ కనిపిస్తుంది. 1000/1000 ఉండాలి. 100/100 ఉంటే ఆ కంప్యూటర్‌కీ స్విచ్‌కీ మధ్యే తేడా ఉంది. కంప్యూటర్ దగ్గర 1000 ఉండి కూడా టెస్ట్ 94 వస్తే స్విచ్‌కీ రౌటర్‌కీ మధ్యా, రౌటర్‌కీ ఓఎన్‌టీకీ మధ్యా చూడాలి. చాలా స్విచ్‌లలో గిగాబిట్ లింక్‌కి ఒక రంగు, 100కి ఇంకో రంగు లైటు వెలుగుతుంది. ఏది దేనికో స్విచ్ ముందు వైపే ముద్రించి ఉంటుంది.

ఇక్కడ తరచూ తప్పిపోయే విషయం ఒకటుంది. చవక రకం ఓఎన్‌టీల్లో రెండు ల్యాన్ పోర్టులుంటే తరచూ ఒకటే గిగాబిట్, రెండోది 100. ఎవరో దుమ్ము దులుపుతూ వైరు తీసి పక్క పోర్టులో పెడితే 300 ప్లాన్ అయితే ఆఫీసు మొత్తం స్పీడు మూడో వంతుకి పడిపోతుంది. ముందు పోర్టు మార్చి చూడండి. అలాగే పాత 10/100 రౌటర్లు ఇంకా చాలా చోట్ల నడుస్తున్నాయి, వాటి వెనక ఎంత పెద్ద ప్లాన్ తీసుకున్నా దండగే.

పోర్టులన్నీ గిగాబిట్ అయితే మిగిలింది వైరు. 100 ఎంబీపీఎస్‌కి ఎనిమిది తీగల్లో నాలుగే చాలు: పిన్ను 1, 2, 3, 6. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. నీలం జతలోనో గోధుమ జతలోనో ఒక్క తీగ తెగితే లింక్ పోదు, చప్పుడు లేకుండా 100కి దిగిపోతుంది. నెట్ "వస్తూనే" ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ముందు బాగున్న ప్యాచ్ కార్డ్ (రెండు చివరలా ప్లగ్ ఉన్న రెడీమేడ్ వైరు) ఒకటి వేసి చూడండి. లింక్ 1000కి వస్తే పాతది పక్కన కూడా పెట్టొద్దు, కట్ చేసి పారేయండి. లేకపోతే ఇంకో నెలకి ఎవరో ఒకరు దాన్నే తీసుకొచ్చి మళ్లీ పెడతారు.

గోడలోంచి వచ్చే వైరైతే రెండు చివరలా ఆర్‌జే45 (వైరు చివర ఉండే ప్లగ్) మళ్లీ క్రింప్ చేయించాలి. క్లిప్ కిందికి ఉండేలా పట్టుకుంటే ఎడమ నుంచి వరస: నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. రెండు చివరలా ఇదే వరస. "రంగులు ఎలా వేసినా రెండు పక్కలా ఒకేలా ఉంటే చాలు" అనే మాట నమ్మొద్దు. అలా చేస్తే మెలి తిరిగి ఉండాల్సిన జతలు విడిపోతాయి. మామూలు టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి, ఎర్రర్లు మాత్రం వస్తూనే ఉంటాయి. మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లు దాటకూడదు. మొత్తం పొడవు ప్యాచ్ కార్డ్‌లతో కలిపి 100 మీటర్ల లోపు. వైరు కొనేటప్పుడు రాగి పూత వేసిన అల్యూమినియం వద్దు, అచ్చ రాగి క్యాట్ 6 అడగండి. బ్లేడుతో తీగని గీకితే లోపల తెల్లగా కనిపిస్తే అది అల్యూమినియమే. కరెంటు వైర్లతో కలిపి ఒకే కేసింగ్‌లో దూర్చడం మన దగ్గర ఎలక్ట్రీషియన్ల అలవాటు. ఏసీ లైన్ పక్కన మీటర్ల కొద్దీ పరిగెత్తే నెట్ వైరులో ఎర్రర్లు రాకపోతే అదృష్టమే అనుకోవాలి. కనీసం జానెడు దూరం పెట్టించండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

అడాప్టర్ ప్రాపర్టీస్‌లో స్పీడ్ అండ్ డూప్లెక్స్ "ఆటో నెగోషియేషన్"లోనే ఉండాలి. ఎవరో పాత చిట్కా చదివి 100 ఫుల్ డూప్లెక్స్ అని బిగిస్తే అవతలి పోర్టు హాఫ్ డూప్లెక్స్‌కి (పంపడం, అందుకోవడం ఒకేసారి కాకుండా వంతులవారీగా చేసే పద్ధతికి) వెళ్లిపోతుంది. పింగ్ బాగుంటుంది, పెద్ద ఫైల్ మాత్రం కదలదు.

రెండు పింగ్‌లు పక్కపక్కన

స్పీడ్ సరిగ్గానే వస్తోంది, అయినా పని చేస్తుంటే ఆగి ఆగి నడుస్తోంది అంటే పింగ్ వాడాలి. సీఎండీ (cmd) తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొడితే డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా రౌటర్ అడ్రస్ కనిపిస్తుంది, ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1. ఒక కిటికీలో ఆ అడ్రస్‌కి పింగ్ పెట్టండి, చివర ఖాళీ ఇచ్చి హైఫన్, టీ కొడితే (ping 192.168.1.1 -t లాగా) ఆగకుండా నడుస్తుంది. రెండో కిటికీలో 8.8.8.8కి (బయట ఉన్న గూగుల్ సర్వర్) ఇలాగే పెట్టండి. ఆఫీసు మంచి పనిలో ఉన్న టైములో పది నిమిషాలు వదిలేసి కంట్రోల్, సీ నొక్కితే ఎన్ని పోయాయో, ఎంత టైము పట్టిందో లెక్క వస్తుంది.

వైరు మీద రౌటర్‌కి పింగ్ 1 మిల్లీసెకన్ దగ్గరే ఉండాలి, ఒక్కటీ పోకూడదు. వైఫైలో 2 నుంచి 10 మధ్య ఆడటం మామూలే. రౌటర్ పింగే 50, 200 అని ఎగురుతుంటే, "రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్" కనిపిస్తుంటే తప్పు పూర్తిగా లోపలిదే, ప్రొవైడర్‌కి ఫోన్ చేసినా లాభం లేదు. రౌటర్ పింగ్ స్థిరంగా ఉండి 8.8.8.8 ఒక్కటే ఎగురుతుంటే రెండు దారులు: మీ లైన్ నిండిపోయి ఉండాలి, లేదా బయట ఏదో జరిగి ఉండాలి. స్విచ్ వైరు పీకి, వైఫై ఆపి, ల్యాప్‌టాప్ ఒక్కటే రౌటర్‌కి ఉంచి చూడండి. వెంటనే బాగుపడితే నింపుతున్నది మీవాళ్లే.

ట్రేస్‌రూట్ (ప్యాకెట్ ఏ రౌటర్ల మీదుగా వెళ్తోందో వరసగా చూపించే tracert కమాండ్) చేసి మధ్యలో ఏదో ఒక వరసలో నక్షత్రాలు కనిపించగానే అదే దోషి అనుకోవద్దు. చాలా రౌటర్లు తమకే వచ్చే పింగ్‌కి జవాబివ్వవు, డేటాని మాత్రం పంపిస్తూనే ఉంటాయి. ప్యాకెట్లు పోవడం అక్కడ మొదలై చివరి వరస దాకా కొనసాగితేనే లెక్క.

అప్‌లోడ్ నిండిపోవడం

చిన్న ఆఫీసుల్లో "పొద్దున బాగుంటుంది, పదకొండు తర్వాత ఏదీ తెరుచుకోదు" అనే ఫిర్యాదుకి ఎక్కువగా ఇదే కారణం. అందరూ డౌన్‌లోడ్ గురించే ఆలోచిస్తారు. కానీ పేజీ తెరవాలంటే ముందు మీ వైపు నుంచి అడిగే ప్యాకెట్ బయటికి వెళ్లాలి. అప్‌లోడ్ నిండి ఉంటే, ఉత్తరం ముక్క పంపడానికి వచ్చిన మనిషి కూడా మూటలు మోసుకొచ్చినవాళ్ల వెనక పార్సిల్ కౌంటర్ క్యూలో నిలబడ్డట్టు, ఆ చిన్న ప్యాకెట్ రౌటర్ బఫర్‌లో ఆగిపోతుంది. 10 మిల్లీసెకన్ల పింగ్ 300, 500 అవుతుంది. వాట్సాప్ కాల్ తెగుతుంది, డౌన్‌లోడ్ కూడా కుంటుతుంది.

లెక్క చూడండి. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉన్న లైన్ మీద 5 జీబీ బ్యాకప్ వెళ్లాలంటే, లైన్ మొత్తం దానికే ఇచ్చినా అరగంట దాటుతుంది. ముగ్గురి కంప్యూటర్లు ఒకేసారి స్కాన్ ఫైళ్లని డ్రైవ్‌కి పంపుతుంటే పూటంతా అంతే. సీసీటీవీ సంగతి కూడా ఇక్కడే వస్తుంది. వైరు కెమెరాల నుంచి రికార్డర్‌కి వెళ్లే వీడియో మీ ఇంటర్నెట్‌ని తాకదు, కానీ యజమాని ఇంట్లో కూర్చుని ఫోన్‌లో ఎనిమిది కెమెరాలూ పెట్టుకుని చూస్తుంటే అదంతా అప్‌లోడే. ఈ మాట ఆయనకి చెప్పడమే కొంచెం కష్టం. యాప్‌లో మెయిన్ స్ట్రీమ్ బదులు సబ్ స్ట్రీమ్ (తక్కువ నాణ్యత వీడియో) ఎంచుకోమంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నింపుతున్నది ఎవరో రౌటర్ పేజీలో ఒక్కో డివైస్ వాడకం చూపిస్తే అక్కడే తెలుస్తుంది. అది లేకపోతే 8.8.8.8కి పింగ్ నడుపుతూ స్విచ్ నుంచి ఒక్కో వైరూ పీకండి, ప్రతిదానికీ పదిహేను సెకన్లు ఆగండి. ఏ వైరు తీయగానే పింగ్ కిందికి దిగిందో దాని అవతలి మెషీనే. పీకేముందు ఆ సీటులో ఉన్నవాళ్లకి చెప్పండి, సగం నింపిన రిటర్న్ పోతే గొడవ నెట్ గురించి కాదు.

గూగుల్ డ్రైవ్‌లోనూ వన్‌డ్రైవ్‌లోనూ అప్‌లోడ్ రేటుకి పరిమితి పెట్టే సెట్టింగ్ ఉంది. మొత్తం అప్‌లోడ్‌లో నాలుగో వంతు దాటకుండా పెట్టండి, బ్యాకప్‌లు రాత్రికి మార్చండి. విండోస్ అప్‌డేట్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ తెరిచి, ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకి పంపడం ఆపి, లోకల్ నెట్‌వర్క్‌లోని వాటికి మాత్రమే ఉంచండి. అప్పుడు ఒక కంప్యూటర్ దించుకున్న అప్‌డేట్‌ని మిగతావి దాని దగ్గరే తీసుకోగలవు. రౌటర్‌లో క్యూఓఎస్ లేదా ఎస్‌క్యూఎం (ప్యాకెట్ల క్యూని అదుపులో ఉంచే సెట్టింగ్) ఉంటే మీరు కొలిచిన స్పీడులో 85 నుంచి 90 శాతం అంకె ఇవ్వండి, ప్లాన్‌లో రాసినది కాదు. చవక రౌటర్లలో దీన్ని ఆన్ చేస్తే ప్రాసెసర్ తట్టుకోలేక గరిష్ఠ స్పీడు పడిపోవచ్చు. ఆన్ చేశాక మళ్లీ కొలిచి చూసుకోండి.

వైఫై

కదలని కంప్యూటర్‌కి వైరు వేయండి. వైఫై సలహాల్లో పనికొచ్చేది ఇదే, మిగతావన్నీ సర్దుబాట్లు.

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానెళ్లు 1, 6, 11 మాత్రమే. కాంప్లెక్స్‌లో ఇరవై షాపుల రౌటర్లుంటే అన్నీ ఈ మూడింటిలోనే కొట్టుకుంటాయి. ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్‌తో ఏది ఖాళీగా ఉందో చూసి దానికి మార్చండి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టండి. ఖాళీగా ఉందని 3లోనో 8లోనో పెడితే రెండు పక్కల గోలా మీకే తగులుతుంది. ల్యాప్‌టాప్‌లని 5 గిగాహెర్ట్జ్ మీదికి తీసుకెళ్లండి, గోడలు ఎక్కువ దాటదు కానీ రద్దీ తక్కువ. సీటు దగ్గర సిగ్నల్ మైనస్ 65 డీబీఎం కంటే మెరుగ్గా ఉండాలి (సున్నాకి ఎంత దగ్గరైతే అంత బలం). మైనస్ 75 అంటే నాలుగు గీతల్లో ఒకటో రెండో కనిపిస్తాయి, పని మాత్రం సాగదు. రౌటర్ ఇనప బీరువా వెనకో, ఇన్వర్టర్ మీదో ఉంటే ముందు అక్కడి నుంచి తీయండి.

సిగ్నల్ అందని గదికి రిపీటర్ కొనొద్దు. ఒకే రేడియోతో వినడం, మళ్లీ చెప్పడం రెండూ చేసే రిపీటర్ దగ్గర స్పీడు సగానికి పడుతుంది. ఆ గది దాకా ఒక వైరు లాగి యాక్సెస్ పాయింట్ (వైరులో వచ్చే నెట్‌ని వైఫైగా ఇచ్చే డబ్బా) పెట్టండి. స్టాఫ్ ఫోన్లకి వేరే గెస్ట్ నెట్‌వర్క్ ఇచ్చి స్పీడు పరిమితి పెట్టండి.

రెండో రౌటర్, తోకలు కలిసిన వైరు

పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్‌గా వాడేటప్పుడు దాని డీహెచ్‌సీపీ (కంప్యూటర్లకి ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) ఆపకపోతే, కొన్ని కంప్యూటర్లు దాని దగ్గర అడ్రస్ తీసుకుని దారి తప్పుతాయి. "రీస్టార్ట్ చేస్తే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు" అంటే దీన్నే అనుమానించాలి. ఆ రౌటర్ అడ్రస్‌ని 192.168.1.2 లాంటి దానికి మార్చి, డీహెచ్‌సీపీ ఆపి, వైరుని వ్యాన్ (WAN, ఇంటర్నెట్ వైరు పెట్టే) పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులో పెట్టండి. 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే ఆ కంప్యూటర్‌కి డీహెచ్‌సీపీ నుంచి అడ్రస్సే రాలేదన్నమాట. వచ్చిపోయేవాళ్ల ఫోన్లతో పంచడానికి ఉన్న అడ్రస్‌ల పూల్ నిండిపోయినా ఇలా అవుతుంది, అప్పుడు పూల్ పెంచి లీజ్ టైము (ఒక అడ్రస్ ఒక డివైస్ దగ్గర ఉండే గడువు) తగ్గించాలి.

హఠాత్తుగా ఆఫీసు మొత్తం స్తంభించి, స్విచ్ లైట్లన్నీ ఒకేసారి పిచ్చిగా కొట్టుకుంటుంటే ఒక ప్యాచ్ కార్డ్ రెండు చివరలూ అదే స్విచ్‌లో ఉన్నాయేమో చూడండి. చవక స్విచ్‌లలో లూప్‌ని ఆపే ఏర్పాటు ఉండదు. ఖాళీగా వేలాడుతున్న వైరుని ఎవరో "ఊడిపోయింది" అనుకుని గుచ్చేస్తారు.

పేజీ మొదట్లో నాలుగైదు సెకన్లు ఆగి తర్వాత ఒక్కసారిగా తెరుచుకుంటుంటే డీఎన్ఎస్ (సైట్ పేరుని అడ్రస్‌గా మార్చే సర్వర్) మార్చి చూడండి, రౌటర్‌లో 1.1.1.1, 8.8.8.8 ఇస్తే చాలు. కొన్ని సైట్లు బాగా వచ్చి, కొన్ని సగంలో ఆగిపోతుంటే ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) చూడాలి. పీపీపీఓఈ లైన్ మీద అది 1492 ఉండాలి, 1500 కాదు.

తప్పు గోడ అవతల ఉంటే

ఓఎన్‌టీ మీద పాన్ (PON) లైటు స్థిరంగా ఆకుపచ్చగా ఉండాలి. లాస్ (LOS) లైటు ఎర్రగా కొట్టుకుంటే వెలుగు అందడం లేదు. ఓఎన్‌టీ పేజీలో ఆర్ఎక్స్ (Rx) ఆప్టికల్ పవర్, అంటే అందుతున్న వెలుగు బలం, కనిపిస్తే రాసుకోండి: మైనస్ 15 నుంచి మైనస్ 24 డీబీఎం దాకా నిశ్చింత, మైనస్ 27 దగ్గరికి వస్తే అంచున ఉన్నట్టే, వాన పడ్డా ఎండ కాసినా తెగుతుంది. ఫైబర్ తీగ బల్లకీ గోడకీ మధ్య నలిగిందా, బొటనవేలంత చుట్టగా మడిచి ట్యాగ్ వేశారా చూడండి. సవరిస్తే పవర్ అక్కడికక్కడే మెరుగుపడుతుంది. కనెక్టర్‌ని మీరు విప్పొద్దు, దాని కొనలోకి కన్ను పెట్టి చూడొద్దు. ఓఎన్‌టీ తరచూ దానంతటదే రీస్టార్ట్ అవుతుంటే అడాప్టర్ మీద వోల్టేజీ, ఆంపియర్లు డబ్బా వెనక రాసినవాటితో సరిపోతున్నాయా చూడండి. 12 వోల్టుల 2 ఆంపియర్లది పోయి ఇంట్లోంచి 1 ఆంపియర్‌ది తెచ్చి పెట్టి ఉండొచ్చు.

ప్లాన్‌లో నెలవారీ డేటా పరిమితి దాటిందేమో కూడా ప్రొవైడర్ యాప్‌లో చూసుకోండి. దాటాక స్పీడు కొన్ని ఎంబీపీఎస్‌లకి పడిపోతుంది, నెల మారగానే బాగవుతుంది. ఇది తెలియక నెలాఖరులో కంప్లయింట్ పెట్టేవాళ్లు తక్కువేం కాదు.

ఫోన్ చేసినప్పుడు "నెట్ స్లోగా ఉంది" అనకండి. "రౌటర్‌కి వైరుతో కలిపిన ఒక్క ల్యాప్‌టాప్ మీద, మిగతావన్నీ తీసేసి, మూడు పూటలా కొలిస్తే 200 ప్లాన్‌కి 38 వస్తోంది. రౌటర్ పింగ్ 1, బయటి పింగ్‌లో వందకి ఏడు పోతున్నాయి. ఆర్ఎక్స్ పవర్ మైనస్ 27.5" అని చెప్పండి. ఈ మాటలు విన్నాక రీస్టార్ట్ చేయమనే సలహా రాదు, ఫైబర్‌ని అతికే స్ప్లైసింగ్ మిషన్‌తో లైన్‌మ్యాన్ వస్తాడు. డాకెట్ (ఫిర్యాదు) నంబర్ తప్పకుండా తీసుకోండి. గడువులోపు పని కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లాలి, అక్కడ ముందు అడిగేది ఆ నంబరే.